జానెడు పొడుగు తీగ

సున్నం మాస్టారికి అసలు పేరు ఒకటుండేది. పింఛను కాగితాల మీద తప్ప అది ఎక్కడా వాడకంలో లేదు. ముప్ఫయ్యేడేళ్ళు ఒకే గ్రౌండు మీద సున్నంతో పరుగు గీతలు గీసీ గీసీ ఆయన కనుబొమలు తెల్లబడ్డాయి. ఆ తెలుపు సున్నానిదో వయసుదో ఇప్పుడు ఇంట్లోవాళ్ళు కూడా చెప్పలేరు. "ఈ ఇంటి గోడలకన్నా మీ చొక్కాలకే సున్నం ఎక్కువ పట్టింది" అని కాపురానికి వచ్చిన మొదటి నెలలోనే ఆయన భార్య అంది. ఆ మాట మార్చుకోవలసిన అవసరం ఆవిడకు ఇంతవరకూ రాలేదు.

పరుగులు నేర్పే మనిషి కదా, వయసులో చిరుతలా ఉరికి ఉంటాడనుకుంటే పొరపాటు. చదువుకునే రోజుల్లో ఒకే ఒక్క పందెంలో దిగి ఆఖరున వచ్చాడు. ఎందుకని అడిగితే దాచుకోలేదు. ముందు పోతున్నవాడి మడమలు నేలను తాకీ తాకకుండా లేస్తుంటే వాటినే చూస్తూ ఉండిపోయాడట. "అంత ముచ్చటగా పోతున్నవాణ్ణి దాటబుద్ధవుతుందా ఎవరికైనా?" అనేవాడు. నోరెళ్ళబెట్టి చూడటం ఒక్కటే ఆయనకు పుట్టుకతో వచ్చిన విద్య. దాన్నే పట్టుకుని బతుకంతా లాక్కొచ్చాడు.

అలాగని చూసి ఊరుకునే రకం కాదు. పొద్దున అయిదింటికి గ్రౌండులో కళ్ళు మూసుకుని నిలబడేవాడు. చుట్టూ ఇరవైమంది పరుగెత్తుతుంటే, "దర్జీగారి అమ్మాయికి ఎడమ బూటు వదులైంది, చూడండి" అనేవాడు. వెళ్ళి చూస్తే నిజంగానే వదులై ఉండేది. ఆఖరి వంపు దగ్గర భుజాలు చూసి, ఎవరు నిలుస్తారో, ఎవరు కూలబడతారో ముందే చెప్పేవాడు. పందెం కాలం చూసే వాచీ నొక్కే కొత్తవాళ్ళకు ఆయన నేర్పే పాఠం ఒక్కటే. "ఆశ్చర్యం కళ్ళదాకా రావచ్చు, బొటనవేలిదాకా రాకూడదు." ముప్ఫయ్యేడేళ్ళలో ఆయన బొటనవేలు ఒక్కసారీ తప్పలేదు. గ్రౌండు నలుమూలలా ఆ బొటనవేలికి దండం పెట్టని ఆటగాడు లేడు.

ఆయన ఆస్తి ఒక ఉక్కు తీగ. పొడవు ముప్ఫై ఆరు మీటర్ల అరవై ఒక్క సెంటీమీటర్లు, రెండు కొసలా రెండు రింగులు. పడకగది తలుపు వెనక మేకుకు చుట్టగా వేలాడుతుండేది. నెలకోసారి గుడ్డతో తుడిచి నూనె రాసేవాడు. "నాకో సవతి ఉంది, దానికి నెలనెలా తలంటు" అని భార్య వచ్చినవాళ్ళందరికీ చూపించేది. గ్రౌండు వంపు మధ్యలో ఇనుప మేకు దిగ్గొట్టి, ఒక రింగు దానికి తొడిగి, రెండో రింగు పట్టుకుని తీగ బిగువు సడలకుండా అర్ధచంద్రంగా నడిచేవాడు. నడిచినంత మేరా సున్నం పడేది. అదే అన్నిటికన్నా లోపలి పరుగుబాటకు, మొదటి లేనుకు, గీత. ఆ గీత గురించి ఎవరైనా వేలెత్తి చూపిస్తే వచ్చేంత కోపం, పెళ్ళాన్ని తిట్టినా ఆయనకు వచ్చేది కాదు.

ఆయన బతుకులో రెండు ముళ్ళు గుచ్చుకున్నాయి. మొదటిది ఒక అమ్మాయి.

ముప్ఫై రెండేళ్ళ కిందటి మాట. ఆ పిల్లకు పందొమ్మిదేళ్ళు. పెద్దగా మాట్లాడేది కాదు, పరుగెత్తేటప్పుడు మాత్రం పెదాలు కదుపుతూ ఉండేది. "ఊపిరి వృథా చేస్తావేమే, దేవుణ్ణి తర్వాత మొక్కుకో" అని మాస్టారు కోప్పడేవాడు. నాలుగువందల మీటర్లలో ఆ పిల్ల వెనక ఎవరూ కనుచూపు మేరలో ఉండేవారు కాదు. ఆ ఏడు పెద్ద జట్టు ఎంపిక వచ్చింది. యాభై ఆరు సెకన్లలో గాని, అంతకు తక్కువలో గాని వస్తేనే చోటు. పోటీ ఎక్కడ పెట్టాలా అని క్రీడా సంఘంవాళ్ళు తర్జనభర్జన పడుతుంటే, మాస్టారు కాళ్ళావేళ్ళా పడి తన గ్రౌండులో పెట్టించాడు. తన పిల్లకు అలవాటైన నేల అయితే మేలు కదా అని ఆయన ఆశ.

పిల్ల మొదటి లేనులో పరుగెత్తింది. గీత దగ్గర మూడు వాచీలు. మనుషులు చాలక మాస్టారు కూడా ఒకటి పట్టుకున్నాడు. ఒక వాచీ యాభై ఆరు అంది. ఇంకొకటి యాభై ఆరు పాయింటు ఒకటి. మూడింట్లో మధ్యది లెక్క కాబట్టి ఇక మాస్టారి వాచీ ఏదంటే అదే. అందరూ ఆయన మొహంలోకి చూశారు. ఆయన తన వాచీ చూసుకుని, "పాయింటు ఒకటి" అన్నాడు. పిల్ల బూట్లు విప్పి చేత్తో పట్టుకుని ఇంటికి నడిచి వెళ్ళిపోయింది.

రెండో ముల్లు ఆకాశరామన్న ఉత్తరాలు. ఆ తర్వాత ఏడాదినుంచి, ఎంపిక పోటీలు ఇక్కడ పెడదామని సంఘం అనుకున్నప్పుడల్లా ఒక ఉత్తరం ఊడిపడేది. మొదట మరుగుదొడ్లు బాగోలేవని రాశారు. మాస్టారు చీపురు పట్టి తనే కడిగాడు. తర్వాత నీడ లేదన్నారు. చందాలు వేయించి రేకుల పందిరి కట్టించాడు. నీళ్ళు లేవంటే పంపు వేయించాడు. ఏడాదికో వంక. ముప్ఫయ్యేళ్ళలో మళ్ళీ ఒక్క ఎంపిక పోటీ కూడా ఆ గ్రౌండుకు రాలేదు. "ఆ రాసేవాడు దొరకాలి, సున్నంలో ముంచి తీస్తాను" అని మాస్టారు పళ్ళు నూరేవాడు.

ఈ ఏడు గ్రౌండుకు ఎర్ర రబ్బరు ట్రాకు మంజూరైంది. పాత ట్రాకు తవ్వేముందు, దాని మీద పరుగెత్తినవాళ్ళకూ దూకినవాళ్ళకూ విసిరినవాళ్ళకూ నేర్పినవాళ్ళకూ సన్మానం పెట్టి, గోడకు పేర్ల పలక బిగిద్దామని సంఘం తీర్మానించింది. అన్నిటికన్నా పైన మాస్టారి పేరు. ఆదివారం సభ. గురువారం సర్వేయరు వచ్చింది. పాతికేళ్ళ పిల్ల, మూడు కాళ్ళ యంత్రం భుజాన వేసుకుని. రెండు గంటలు కొలిచి, మాస్టారి దగ్గరకు వచ్చింది.

"సార్, మీ ట్రాకు నాలుగువందల ఒక మీటరు, పైన పాతిక సెంటీమీటర్లు వస్తోందండీ."

మాస్టారు నవ్వాడు. "నీ యంత్రం కళ్ళు ఒకసారి తుడువమ్మా."

"తుడిచే చూశానండీ. మీరు కొలత గీత మీద తీశారు. గీత మీద ఎవరూ పరుగెత్తరు కదా, తొక్కితే పందెంలోంచి తీసేస్తారు. కాళ్ళు పడేది గీతకు జానెడు అవతల. నాలుగువందలు రావలసింది అక్కడ. మీ తీగ జానెడు పొడుగైంది, అంతే."

ఆమెకు చూపించాలని తెచ్చిన తీగ చుట్ట వంక మాస్టారు చూశాడు. ముప్ఫయ్యేడేళ్ళ కిందట ఎవరో చేతిలో పెట్టిన కాగితం మీద 36.61 అని ఉంది. అది పరుగెత్తే దారి కొలత అని ఆయన అనుకోలేదు. గీత కొలత అనుకున్నాడు. గీత అంటే అంత మోజు మరి. సర్వేయరు వెళ్ళిపోయాక పెవిలియన్ మెట్ల మీద కూర్చుని వేళ్ళ మీద లెక్క కట్టాడు. మీటరుంపావు దూరానికి, ఆఖరున వేసే ఆ అడుగుకు, సెకనులో పదోవంతుకు పైనే. పదోవంతున్నర ఉండవచ్చు, ఇంకా ఎక్కువే ఉండవచ్చు. ఎన్నిసార్లు కట్టినా పాయింటు ఒకటి మిగల్లేదు.

ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని కలపకుండా ఉండిపోయాడు.

"ఏమైందండీ?" అంది భార్య.

చెప్పాడు. చివరికి, "సభకు రానని కబురు చేస్తాను" అన్నాడాయన.

"సభకు మీరు వెళ్ళకపోతే సన్మానం పోతుంది. చోటు పోయిన ఆ పిల్ల దగ్గరకు వెళ్ళకపోతే ఇంకేం మిగులుతుంది? ముందు అక్కడికి వెళ్ళండి. చొక్కా మార్చుకుని మరీ."

ఆ పిల్లకు ఇప్పుడు యాభై ఒకటి. బస్సు నడుపుతుంది. డ్రైవరమ్మ అంటే ఆ దారిలో తెలియనివాళ్ళు లేరు. ఇరవై రెండేళ్ళలో బండికి ఒక్క గీత పడనివ్వలేదు. మాస్టారి దగ్గరకు మాత్రం రాకపోకలు ఆగలేదు. ఏటా సీజను మొదట్లో గీతలు గీసే రోజు సెలవు పెట్టి వస్తుంది. వంపు మధ్య మేకు దగ్గర కూర్చుని తీగ రింగు కదలకుండా పట్టుకునేది ఆమే. మాస్టారు దాన్ని గురుభక్తి అనుకుని లోలోపల మురిసిపోతుండేవాడు.

డిపోలో ఆమె టైర్లు తట్టి చూస్తోంది. మాస్టారిని చూసి చేతులు తుడుచుకుంది.

"పన్నెండు నిమిషాలుంది మాస్టారూ. ఎక్కి కూర్చోండి."

ఆయన కూర్చోలేదు. ఫుట్‌బోర్డు దగ్గర కడ్డీ పట్టుకుని నిలబడే మొత్తం చెప్పేశాడు. తీగ, జానెడు, మీటరుంపావు, పాయింటు ఒకటి. "నీ బతుకు నేను పాడు చేశానమ్మాయ్" అన్నాడు.

డ్రైవరమ్మ తన సీట్లో కూర్చుని అద్దం సరిచేసుకుంది.

"నాకు తెలుసు మాస్టారూ."

"ఏం తెలుసు?"

"మన గ్రౌండు పొడుగని. నేను పెదాలు కదిపేది మొక్కుకోవడానికి కాదు, అడుగులు లెక్కపెట్టుకోవడానికి. మన దగ్గర నాకు రెండువందల మూడు అడుగులు. ఆ మరుసటేడు బయట మూడు ఊళ్ళలో పరుగెత్తాను. మూడు చోట్లా రెండువందల రెండే. మూడో ఊరి నుంచి తిరిగి వస్తుంటే రైల్లో వెలిగింది."

మాస్టారు అప్పుడు కూర్చున్నాడు.

"వెలిగాక కడుపు మండిపోయింది. మూడు వారాలు జ్వరమని రాలేదు, గుర్తుందా? జ్వరమూ లేదు, పాడూ లేదు. మీ మొహం చూడబుద్ధి కాలేదు. నాలుగో వారం మీతో దెబ్బలాడదామనే బయల్దేరాను. పొద్దున్నే వచ్చి చూస్తే మీరు ఒక్కరే మోకాళ్ళ మీద ఉన్నారు. తీగ బిగించి, గీత గీసి, నచ్చక కాలితో చెరిపి, మళ్ళీ గీస్తున్నారు. చుట్టూ ముప్ఫైమంది పిల్లలు మీరెప్పుడు లేస్తారా అని నిలబడి ఉన్నారు. ఆ ముక్క చెబితే మీరిక ఈ జన్మలో సున్నం ముట్టుకునేవారా?"

"ముట్టుకునేవాణ్ణి కాదు."

"మరి? వాళ్ళకెవరు నేర్పేవారు? పైగా ఆ రోజు మీ చేతిలో వాచీ ఉంది. 'యాభై ఆరు' అని ఒక్క మాట అంటే నాకు చోటు దొరికేది. ఎవరూ అడిగేవాళ్ళు కాదు. అనలేదు మీరు. అనలేదని ఎంత ఏడ్చానో! కానీ అలాంటి మనిషి తీగ దగ్గర కావాలని తప్పు చెయ్యడని మాత్రం తెలుసు. ఏం చెయ్యాలో తోచక, వచ్చినదాన్ని వచ్చినట్టు మేకు దగ్గర కూర్చుని రింగు పట్టుకున్నాను."

"రింగు పట్టుకున్నప్పుడు మేకుకు ఒక చుట్టు చుట్టేస్తే సరిపోయేది కదే!"

"చుట్టాను మాస్టారూ. అవతలి కొస నుంచి, 'అమ్మాయ్, తీగ పొట్టిదైంది, చూడు' అని అరిచారు. మీ చేతిని మోసం చెయ్యడం ఎవరి తరం? పాత గీత ఆనవాలు మీదికి మళ్ళీ తెచ్చి కూర్చోబెట్టారు."

మాస్టారికి ఆ రోజు గుర్తొచ్చింది. తను ఎంత గర్వంగా అరిచాడో కూడా గుర్తొచ్చింది. అంతలో ఇంకో సంగతి తట్టింది.

"అమ్మాయ్. నీ తర్వాత ఇంకెందరు? నా గ్రౌండు మీద ఇంకెవరెవరి చోటు పోయింది?"

"ఎవరిదీ పోలేదు. మళ్ళీ ఎంపిక పోటీ మన దగ్గర జరగనిచ్చానా?"

ఆయనకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక సగం లేచాడు.

"ఆ ఆకాశరామన్నవి..."

"నావే" అంది డ్రైవరమ్మ. "మొదట మరుగుదొడ్లని రాశాను. మీరు వాటిని అద్దంలా కడిగి పెట్టారు. నీడ లేదంటే పందిరి వేయించారు. మీరు బాగుచేసేకొద్దీ నాకు వంకలు కరువైపోయి చచ్చాను మాస్టారూ. ఆఖరి రెండేళ్ళూ కాకుల గోల ఎక్కువని రాశాను."

నవ్వాలో ఏడవాలో మాస్టారికి తెలియలేదు. ఎదురుగా కూర్చున్న మనిషిని చూస్తూ ఉండిపోయాడు. ముప్ఫై ఒక్క ఉత్తరాలు! తనకు పోయింది ఇంకొకరికి పోకూడదని ఏటా ఒక ఉత్తరం, తనను ముంచిన మనిషి మనసు కష్టపెట్టకూడదని ఏటా ఒక సెలవు. ఒక్క ముక్క పైకి అనలేదు. ఎంతోమంది పరుగు చూశాడాయన, ఎంతోమందిని చూసి నివ్వెరపోయాడు. ఇంత దూరం ఇంత నిబ్బరంగా వచ్చినవాళ్ళను మాత్రం ఎన్నడూ చూడలేదు.

"టైమైంది, దిగుతారా, వస్తారా?" అంది ఆమె ఇంజను వేస్తూ. ఆయన దిగలేదు. ఆఖరి స్టాపుదాకా వెళ్ళి, మళ్ళీ డిపోదాకా వచ్చాడు.

ఆదివారం సభకు ఎక్కడెక్కడివాళ్ళో వచ్చారు. ఒకప్పుడు తన ఎత్తుకు మించి దూకిన దర్జీ ఇప్పుడు కర్ర పట్టుకుని మెట్లెక్కాడు. గుండు విసిరిన తాపీమేస్త్రి కుర్చీలో పట్టక రెండు కుర్చీలు కలుపుకున్నాడు. చెప్పుల్లేకుండా పదివేల మీటర్లు పరుగెత్తిన పోస్టుమాను వచ్చాడు. వీళ్ళ పేర్లు ఏ పత్రికలోనూ పెద్ద అక్షరాల్లో పడలేదు. పొద్దున పని, సాయంత్రం పని, మధ్యలో దొరికిన గంటలో వాళ్ళు తమ ఒంటి చేత చేయించిన పనులు తలుచుకుంటే ఒళ్ళు గగుర్పొడుస్తుంది. ఈ సంగతి కుర్చీల్లో కూర్చున్న పెద్దలకు ఎవరైనా చెబితే బాగుండేది. వాళ్ళేమో ఎండ గురించి మాట్లాడుకుంటున్నారు.

పలక మీది గుడ్డ తొలగించారు. మాస్టారిని మైకు ముందుకు పిలిచారు.

"ఈ పలక మీద నాలుగువందల మీటర్లని రాసి ఉంది" అన్నాడాయన. "అది నా తప్పు. ఈ గ్రౌండు చుట్టు నాలుగువందల ఒకటింపావు. నా తీగ జానెడు పొడుగు. మీరంతా నేను చెప్పినదానికన్నా ఎక్కువ పరుగెత్తారు. తక్కువ రాసింది నేను. ఆ కారణంగా ఒక మనిషికి దక్కవలసిన చోటు దక్కలేదు. ఆమె పేరు ఈ పలక మీద అందరికన్నా పైన ఉండాలి, నాది కాదు."

అధ్యక్షుడు మైకు లాక్కోవాలా వద్దా అని చూస్తున్నాడు. అంతలో పోస్టుమాను లేచాడు.

"అంటే మాస్టారూ, నా పదివేలల్లో ముప్ఫై మీటర్లు నాచేత ఉత్తపుణ్యానికి ఉరికించారా!"

జనం గొల్లుమన్నారు. మాస్టారు మాత్రం నవ్వలేదు. గ్రౌండు వంక చెయ్యి చాపాడు. పాత గీతకు జానెడు లోపల తళతళలాడుతూ కొత్త గీత ఉంది. తెల్లవారకముందే వచ్చి, మేకుకు తీగ ఒక చుట్టు ఎక్కువ చుట్టి గీశాడు. ఆ చుట్టు చుట్టింది ఆయన భార్య. సవతిని అంత దగ్గరగా పట్టుకోవడం ఆవిడకు అదే మొదలు. సర్వేయరు యంత్రం పెట్టి మూడుసార్లు చూసి, తల ఊపి వెళ్ళింది.

"అమ్మాయ్" అన్నాడు మాస్టారు మైకులోనే. "రేపు తవ్వేస్తారు. ఒక్క చుట్టు."

డ్రైవరమ్మ డ్యూటీ దిగి నేరుగా వచ్చింది, యూనిఫారంలోనే ఉంది. "ఈ వయసులో నవ్వులపాలు చెయ్యకండి మాస్టారూ" అంటూనే బూట్ల తాళ్ళు బిగించుకుంది. మాస్టారు గీత దగ్గరకు వచ్చి తన పాత వాచీ తీశాడు. అటూ ఇటూ ఇంకో ఇద్దరు వాచీలతో నిలబడ్డారు. ఒకడు తాపీమేస్త్రి, ఒకడు దర్జీ. ఆయన నేర్పినవాళ్ళే.

పిస్తోలు పేలింది. మొదట అందరూ చప్పట్లు కొట్టారు. మొదటి వంపు దాటేసరికి చప్పట్లు ఆగిపోయాయి. యాభై ఒక్కేళ్ళ మనిషి, ఒళ్ళు చేసిన మనిషి, ఇరవై రెండేళ్ళు స్టీరింగు ముందు కూర్చున్న మనిషి. అయినా మడమలు నేలను తాకీ తాకకుండా లేస్తున్నాయి. ఆఖరి వంపు దగ్గర భుజాలు బిగుసుకోలేదు. కుర్చీల్లో ఉన్నవాళ్ళంతా ఎవరూ చెప్పకుండానే లేచి నిలబడ్డారు. పెద్దలు కూడా లేచారు. ఆఖరి వంద మీటర్లలో ఆమె పెదాలు కదలడం కనబడింది. మాస్టారికి కళ్ళు మసకబారాయి. తుడుచుకోలేదు, ఒక్క అడుగైనా చూడకుండా పోతుందేమోనని.

ఆమె గీత దాటి, మోకాళ్ళ మీద చేతులాన్చి, రొప్పుతూ తలెత్తింది.

"ఎంత మాస్టారూ?"

ఆయన చేతిలోకి చూసుకున్నాడు. వాచీ ముల్లు ఇంకా తిరుగుతూనే ఉంది. ఎడమవైపు తాపీమేస్త్రి వంక చూశాడు. అతను తల అడ్డంగా ఊపాడు. కుడివైపు దర్జీ కర్ర వదిలేసి రెండు చేతులా మొహం కప్పుకుని ఉన్నాడు, వాచీ మెడలో వేలాడుతోంది.

"నొక్కలేదమ్మాయ్" అన్నాడు మాస్టారు. "ఎవరమూ నొక్కలేదు."

సంఘం గుమాస్తా కలం పట్టుకుని పరుగున వచ్చాడు. "టైము లేకపోతే ఎలాగండీ? పుస్తకంలో ఏమని రాయను?"

"దూరం రాయి" అన్నాడు సున్నం మాస్టారు. "నాలుగువందల మీటర్లు. ముప్ఫై రెండేళ్ళు బాకీ పడ్డాను. ఇవాళ సరిగ్గా ఉంది."